పారిపోయిన మనిషి ఫోన్ నంబరు

కిలన్ నోట్లో తల పెట్టి, టార్చి పైకి కొట్టి చూసి, పర్వతాలు ఒక్కటే మాట అన్నాడు.

"పోం."

అతని వెనక ఉన్న ఐదుగురూ ఆగిపోయారు. అందరూ మేళ్లచెరువు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. అతను పదమంటే కదిలే వాళ్లు, వద్దంటే ఆగే వాళ్లు. అది ఒమన్ ఎడారి. మస్కట్‌కు మూడు గంటల దూరంలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ. 2022 ఫిబ్రవరి. ఆ ఒక్క మాట పర్వతాలును ఎక్కడెక్కడ తిప్పిందో, చివరికి ఎక్కడ నిలబెట్టిందో చెప్పడానికే ఇదంతా.

సిమెంటు కిలన్ అంటే పెద్ద ఇనుప గొట్టం. మనిషి లోపల నిలబడి చేతులు పైకెత్తినా పైభాగం అందదు. పొడవు ఒక చిన్న వీధంత. లోపల మంట, ఆ మంటలో సున్నపురాయి దొర్లుతూ కాలుతుంది. ఇనుము కరిగిపోకుండా లోపలంతా మంటకు ఓర్చే ఇటుక పేరుస్తారు. ఏడాదికోసారి మంట ఆపి, చల్లారాక, అరిగిన ఇటుక పీకి కొత్తది పెట్టాలి. ఆ పని చేసే మేస్త్రీ పర్వతాలు. మంట ఆరినా పైన కాలిన రాయి పెచ్చులు కట్టి వేలాడుతూ ఉంటుంది. ఒక పెచ్చు ఊడితే కింద ఉన్న మనిషి ఇక లేడు. అందుకే ముందు పెచ్చు రాలగొట్టాలి, తర్వాతే మనిషి లోపలికి పోవాలి.

ఇంజనీరుకు తొందర. ఫ్యాక్టరీ ఆగిన ప్రతి రోజూ అతనికి పైనుంచి ఫోన్లు వస్తాయి. "నీకు చేతకాకపోతే బయట కూర్చో" అని హిందీలో అరిచాడు. పర్వతాలు బయట కూర్చున్నాడు. మిగతా ఐదుగురూ అతని పక్కన కూర్చున్నారు. సాయంత్రానికి మిషను తెప్పించి పెచ్చంతా రాలగొట్టించారు. ఒక లారీ నిండింది. అంటే అతను చెప్పిందే చేశారు. మర్నాడు ఐదుగురినీ పనిలోకి పిలిచారు. చెప్పినవాడిని మాత్రం గేటు దగ్గరే ఆపారు.

పర్వతాలు తండ్రి లింగస్వామి సున్నపురాయి క్వారీలో సమ్మెట కొట్టి కొట్టి నడుం విరిగిన మనిషి. గుట్ట మీది దేవుడికి మొక్కుకుంటే పుట్టాడని కొడుక్కు పర్వతాలు అని పేరు పెట్టుకున్నాడు. ఏడో తరగతిలో బడి ఆగింది. పదిహేడో ఏట కిలన్ మేస్త్రీల దగ్గర ఇటుక అందించే పనికి చేరాడు. చూసి చూసి పని నేర్చుకుని, పాతికేళ్లకే మేస్త్రీ అయ్యాడు. ఆ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ కిలన్ ఆగినా అతనికి కబురొచ్చేది. ఫ్యాక్టరీల దుమ్ము అతని ఇంటి రేకుల మీద పడింది, అతని ఊపిరితిత్తుల్లో పడింది, ఏ ఫ్యాక్టరీ రిజిస్టరులోనూ అతని పేరు మాత్రం పడలేదు. ఎప్పుడూ కాంట్రాక్టు లేబరే. నలభై ఒకటో ఏట, ఇక్కడ ఎట్లాగూ పేరు రాయరు కదా అని, మస్కట్ విమానం ఎక్కాడు.

గేటు దగ్గర మూడు రోజులు నిలబడ్డాక అతను ఫోన్ చేసింది అమరేందర్‌కు. అమరేందర్ అదే కంపెనీకి మస్కట్‌లో స్టోర్ ఇన్‌ఛార్జి. మిర్యాలగూడ దగ్గరి ఊరు, భూములున్న ఇల్లు. పర్వతాలు కంటే ఎనిమిదేళ్లు చిన్న. అయినా పర్వతాలు అతన్ని 'పటేలా' అనే పిలిచేవాడు. విమానం ఎక్కేటప్పుడు పెట్టెలు తూచారు కానీ ఈ పిలుపును ఎవరూ తూచలేదు. అదీ వెంట వచ్చింది.

"పటేలా, గిట్లయింది."

"విన్నలేరా. ఇంజనీరుకు ఎదురు చెప్పితివంట. నీకెందుకురా గా పెచ్చుల పంచాయితీ?"

"మీద పడితే సస్తం గద పటేలా."

"సరే సరే. నువ్వేం మాట్లాడకు. ఆడ ఉండకు గూడ. నువ్వు కనబడితే ఆయనకు ఇంకింత మండుతది. రూవీల మనోళ్ల రూముంది, వారం దినాలు ఆడ పడుండు. నేను మేనేజర్‌తోని మాట్లాడి సెటిల్ చేస్త."

"మరి సెలవు చీటీ…"

"నేనున్న గదరా. ఫికర్ జెయ్యకు."

పర్వతాలు ఫికర్ చెయ్యలేదు. మన ఊళ్లల్లో తగువంటే ఇంతే కదా. గొడవ పడ్డవాడిని మేనమామ ఊరికో, అత్తగారింటికో పంపిస్తారు. పెద్దమనుషులు కూర్చుని మాట్లాడతారు. అంతా తేలిపోయాక అతన్ని పిలిపిస్తారు. అతను వచ్చి చేతులు కట్టుకుని నిలబడి, వాళ్లు ఏమంటే దానికి తల ఊపుతాడు. ఎవరి తగువో వాళ్లకు తప్ప అందరికీ నోరుంటుంది. చిన్నప్పటి నుంచి పర్వతాలు చూసింది అదే. ఎడారిలోనూ లోకం అట్లాగే నడుస్తుందనుకుని, కూలీలు పడుకునే కంపెనీ క్యాంపు నుంచి బ్యాగు సర్దుకుని రూవీ బస్సెక్కాడు.

రూవీ అంటే మస్కట్‌లో మనవాళ్లు కిక్కిరిసి బతికే పేట. ఆ గదిలో ఎనిమిది మంది. అందులో బక్కయ్య అని పాలమూరు మనిషి, ఒక హోటల్లో వంటవాడు. పర్వతాలుకు చాప వేసి చోటిచ్చింది అతనే. వారం అన్నది పన్నెండు రోజులైంది. అమరేందర్‌కు ఫోన్ చేస్తే "మాట్లాడుతున్న గదరా" అనేవాడు. పన్నెండో రోజు పర్వతాలు ఫోనుకు అరబ్బీలో ఒక మెసేజీ వచ్చింది. కింద కిరాణా దుకాణం ఆయన చదివి, పర్వతాలు ముఖం వైపు చూడకుండా చెప్పాడు: నువ్వు పని వదిలి పారిపోయావని కంపెనీ ఫిర్యాదు ఇచ్చింది.

ఆ సాయంత్రమే అమరేందర్ ఒక కాగితం పట్టుకొచ్చాడు.

"సంతకం పెట్టు. నా ఇష్టంతోనే పని వదిలిన అని. టికెట్ వాళ్లే ఇస్తరు. సల్లగ ఇంటికి పోతవ్."

"మల్ల రావచ్చునా పటేలా?"

"ఇగ ఏం వస్తవురా! పారిపోయినోడని పడ్డంక ఎవడిస్తడు వీసా? పోలీసులకు దొరకక ముందే పోవుడు మేలు. మేనేజర్ కాళ్లు పట్టుకున్నంత పని చేసి గిది తెచ్చిన."

పర్వతాలు కాగితం తీసుకుని, రేపు పెడతానన్నాడు. పెట్టలేదు. సంతకం పెడితే అతను పారిపోయినవాడే, పెట్టకపోతే పట్టుబడేవాడు. ఇరవై ఏడేళ్లలో ఒక్క కిలన్ కూడా సగంలో వదిలి రాని మనిషికి, ఈ పేరుతో ఊరికి పోవడం కంటే పెచ్చు మీద పడటమే నయమనిపించింది. అతని చేతులకు ఇంకో పని తెలియదు. ఆ పేరు పడితే తెలిసిన ఒక్క పనీ పోతుంది. రోజూ సాయంత్రం ఇంటి నుంచి భార్య కృష్ణమ్మ ఫోన్ చేసేది. "బాగనే ఉన్న. పప్పుతోని తిన్న" అనేవాడు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు అందరూ రోజూ పప్పుతో తిని బాగానే ఉంటారు.

బక్కయ్య ఇక ఉండబట్టలేకపోయాడు.

"పటేలు పటేలు అని ఎన్ని దినాలు ఏలాడుతవే? శుక్రారం ఎస్తేరక్క తాన్కి పోదాం పా."

"ఆమె ఎవరు? సంగంల పెద్దనా?"

"పెద్ద లేదు గిద్ద లేదు. దవాఖానల ఊడుస్తది."

"ఊడ్చే ఆమెకు నా కేసేం తెలుస్తదే?"

"కిలన్‌ల ఇటుక పెట్టెటోనికి ఏం తెలుసో ఆమెకు గంతకంటె ఎక్కువనే తెలుసు. నడువ్."

ఎస్తేరుది కట్టంగూర్. అమ్మానాయినలు పరాయి చేలల్లో కూలికి పోయేవాళ్లు. 2008లో ఇంటి పనికని మస్కట్ వచ్చింది. నాలుగేళ్లు ఒక ఇంట్లో తలుపు దాటకుండా చాకిరీ చేసి, చేతికి పాస్‌పోర్టు ఇవ్వకపోతే, ఒక ఉదయం దారి అడుక్కుంటూ మన రాయబార కార్యాలయానికి నడిచి వెళ్లింది. ఆమెకు ఎవరూ తోడు రాలేదు. తర్వాత దవాఖానలో ఊడ్చే పని దొరికింది. వార్డుల్లో రోగుల దగ్గరే అరబ్బీ నేర్చుకుంది. శుక్రవారం చర్చిలో ప్రార్థన అయ్యాక, ఆవరణలో మంచినీళ్ల కూలర్ పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంటుంది. ఇమాం దగ్గరికి పోయేవాళ్లయినా, గుడికి పోయేవాళ్లయినా, తగువుంటే ఆ రోజు ఆ స్టూలు దగ్గరికి రావాల్సిందే. బ్యానరు లేదు, శాలువాలు లేవు, ఫోటోలు లేవు. మన పేపర్లలో గల్ఫ్ మనిషి పేరు పడాలంటే అతను పెట్టెలో తిరిగి రావాలి. బతికున్నవాళ్ల కోసం పదేళ్లుగా కూర్చుంటున్న ఎస్తేరు పేరు ఇంతవరకు ఏ పేపర్లోనూ పడలేదు.

ఆమె అంతా విన్నది. కాగితం చూసి, నాలుగు మడతలు పెట్టి అతని జేబులోనే పెట్టింది.

"గిది దాచిపెట్టు. సంతకం పెట్టకు, చింపకు."

"అక్కా, మీరు జర వాళ్లతోని మాట్లాడాలె." పర్వతాలు రెండు చేతులూ జోడించాడు.

"నేను మాట్లాడ."

పర్వతాలు బక్కయ్య వైపు చూశాడు. బక్కయ్య కూలర్ వైపు చూశాడు.

"లేబర్ కార్డు మీద ఎవరి ఫోటో ఉన్నది? నాదా, నీదా?" అంది ఎస్తేరు.

"నాదే."

"మరి? కాయితం ఏడియ్యాల్నో చెప్త. ఎవరిని కలువాల్నో చెప్త. నోరు మాత్రం నీదే. ఇప్పుడు నేను ఆఫీసర్ని. చెప్పు." ఆమె స్టూలు మీద నిటారుగా కూర్చుని, గడ్డం పైకెత్తి, ఒక కాలు మీద ఇంకో కాలు వేసుకుంది. తమ వంతు కోసం కాచుకున్న నలుగురు నవ్వుతూ దగ్గరికి జరిగారు. "నీ పేరు?"

"అంటే అక్కా…"

"ఆఫీసర్ని అక్క అంటవా?"

"సారు… మేడం… మాది మేళ్లచెరువు తాన. మా నాయిన క్వారీల…"

"మీ నాయిన పారిపోయిండా?"

"లేదు మేడం."

"మరి ఆయన ముచ్చటెందుకు? ఎవరు పారిపోయిండ్రు?"

"ఎవరు పారిపోలే. మా పటేలు చెప్తడు…"

"ఔ! పటేలును గూడ జేబుల పెట్టుకోని తెచ్చినవా?"

నలుగురూ పడీపడీ నవ్వారు. పర్వతాలు చెవులు ఎర్రబడ్డాయి. వెళ్లిపోదామనుకున్నాడు. ఎస్తేరు లేచి అతని జోడించిన చేతులు పట్టుకుని కిందికి దించింది.

"తమ్మీ, నువ్వు గుడికి రాలే, ఆఫీసుకు వచ్చినవ్. చేతులు దించు. తల లేపు. మల్ల చెప్పు."

అయిదుసార్లు చెప్పించింది. మొదటిసారి ఇరవై నిమిషాలు పట్టింది, అయిదోసారి నాలుగు నిమిషాలు. పెచ్చు సంగతి, గేటు దగ్గర మూడు రోజులు, అమరేందర్ సలహా, అన్నీ వరసలో పడ్డాయి. చెప్పకుండా క్యాంపు వదలడం తన తప్పేనని కూడా ఆమె చెప్పించింది. "నీ తప్పు నువ్వు ముందు చెప్తె వాళ్లకు చెప్పనీకె ఏం మిగలదు" అంది. తర్వాత అడిగింది:

"పోయేటప్పుడు ఎవరికన్న చెప్పినవా?"

"ఎవరికి చెప్పలే. బుక్కుల రాసిన."

"ఏం బుక్కు?"

"క్యాంపు గేటు కాడ ఉంటది గదక్కా. బయటికి పోయెటోళ్లు సంతకం పెట్టాలె."

"పెట్టినవా?"

"పెట్టిన. ఏడికి పోతున్ననో గూడ రాసిన. రూము జాగా, ఫోన్ నంబరు."

"అందరు గట్ల రాస్తరా?"

"ఎవరు రాయరు. నాకు అలవాటు."

అది మేళ్లచెరువు కిలన్‌ల అలవాటు. ఇటుక పేర్చేటప్పుడు మధ్యమధ్యలో గొట్టాన్ని కొంచెం తిప్పాలి. తిప్పేముందు లోపల మనిషి లేడని తేలాలి. అందుకని కిలన్ నోటి దగ్గర ఒక నల్లబల్ల పెట్టేవాళ్లు. బయటకొచ్చే ప్రతివాడూ పేరూ, పోతున్న చోటూ రాయాలి. ఒక్కడి లెక్క తేలకపోయినా పని ఆగిపోతుంది. పర్వతాలు పదిహేడో ఏట నేర్చుకున్న మొదటి పాఠం అది. ఇటుక పట్టడం తర్వాత నేర్చుకున్నాడు.

ఎస్తేరు స్టూలు మీంచి లేచింది.

"నీ చేత్తోని నంబరు రాసి వచ్చినవా? ఓరి నీ! ఇన్నొద్దుల సంది గిది కడుపుల పెట్టుకోని తిరుగుతున్నవా?"

"గదేం చెప్పే మాట అక్కా?"

"గదే మాట! మిగతాదంత ఉత్త కత."

క్యాంపులో ఉన్న ఐదుగురిలో శివకుమార్ అనేవాడికి అక్కడే ఫోన్ చేశారు. గంటలో ఆ పేజీ ఫోటో వచ్చింది. వరసగా అందరి గిలుకుడు సంతకాల మధ్య గుండ్రటి తెలుగు అక్షరాలు: 'పర్వతాలు. పని ఇస్తలేరు. రూవీల మనోళ్ల రూముల ఉంట. పిలిస్తె వస్త.' కింద నంబరు. పక్కన తేదీ.

ఆదివారం రాయబార కార్యాలయం తెరిచారు. పర్వతాలు పొద్దున్నే వరసలో నిలబడ్డాడు. ఫిర్యాదు తన చేత్తోనే తెలుగులో రాశాడు. అక్కడివాళ్లు దాన్నీ, ఆ పేజీనీ అరబ్బీలోకి మార్పించి ముద్ర వేసి ఇచ్చారు, ఏ కార్యాలయానికి పోవాలో రాసిచ్చారు. కార్మిక శాఖ వాళ్లు విచారణకు తేదీ వేశారు. ఆ తేదీ దాకా పర్వతాలు రోజూ గదిలో గోడకు చెప్పేవాడు. ఆఖరికి బక్కయ్యకు కూడా కంఠతా వచ్చేసింది. "నీకు జరమొస్తె చెప్పు, నేను పోయి చెప్పొస్త" అనేవాడు.

ఎస్తేరు విచారణకు రాలేదు. బతిమాలితే, "నాకు డ్యూటీ ఉన్నది. వార్డు నువ్వు ఊడుస్తవా?" అంది.

గదిలో బల్ల వెనక ఆఫీసరు, పక్కన హిందీ తెలిసిన దుబాసీ, ఇటు కంపెనీ మనిషి. కంపెనీ మనిషి పక్కన అమరేందర్. పర్వతాలు నోరు తెరిచే లోపే అమరేందర్ ముందుకు వంగి, నమ్రంగా మొదలుపెట్టాడు: ఇతను మా ఊరివైపు మనిషి, చదువు లేదు, తెలియక చేశాడు, దయచేసి ఇంటికి పంపించండి.

ఆఫీసరు దుబాసీని ఏదో అడిగాడు. దుబాసీ పర్వతాలు వైపు తిరిగాడు. "ఈయన నీ తరఫున మాట్లాడతాడా?"

ఎవరూ పర్వతాలును జీవితంలో అంతకుముందు అడగని ప్రశ్న అది. చేతులు వాటంతట అవే దగ్గరికి రాబోయాయి. ప్యాంటుకేసి అదిమి పెట్టుకున్నాడు.

"లేదు సాబ్. నేనే మాట్లాడత."

చిన్నప్పుడు హుజూర్‌నగర్ సంతలో, తర్వాత హైదరాబాదు మేస్త్రీల దగ్గర నేర్చుకున్న మన ఉర్దూలోనే చెప్పాడు. నాలుగు నిమిషాలు. తండ్రి రాలేదు, పటేలు రాలేదు. పెచ్చు వచ్చింది, గేటు వచ్చింది, తన తప్పు వచ్చింది. కాగితం బల్ల మీద పెట్టి చివరి మాట అన్నాడు.

"భాగ్నే వాలా అప్నా నంబర్ లిఖ్‌కే జాతా క్యా సాబ్?"

పారిపోయేవాడు తన నంబరు రాసి పోతాడా? ఆ మాటను దుబాసీ అరబ్బీలోకి మార్చేముందే నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. పేజీని చాలాసేపు చూశాడు. తర్వాత కంపెనీ మనిషిని ఒక్కటే అడిగాడు: ఈ నంబరుకు మీరు ఒక్కసారైనా ఫోన్ చేశారా?

కంపెనీ మనిషి అమరేందర్‌ను చూశాడు. అమరేందర్ ఫైలు చూశాడు. ఫైల్లో ఏం ఉంటుంది?

చెప్పకుండా క్యాంపు వదలడం తప్పేనని ఆఫీసరు పర్వతాలును మందలించాడు. పర్వతాలు ఔనన్నాడు. ఇంకో వాయిదా పడింది. ఆ తర్వాత వారానికి ఉత్తర్వు చేతికొచ్చింది. పారిపోయాడన్న ఫిర్యాదు కొట్టేశారు. వేరే కంపెనీలో చేరొచ్చు. పెచ్చు కింద తల పెట్టనన్న రోజు నుంచి ఆ రోజుకు లెక్కపెడితే అరవై ఒక్క రోజులు.

ఇప్పుడు పర్వతాలు ఆ దేశంలోనే కిలన్‌లకు ఇటుక పేర్చే వేరే కంపెనీలో ఫోర్‌మన్. అప్పట్లో అతని వెనక ఐదుగురు ఉండేవాళ్లు, ఇప్పుడు ఇరవై మంది. పాత కంపెనీలో కాంట్రాక్టులు ముగిసినకొద్దీ ఆ ఐదుగురూ ఒక్కొక్కరే అతని దగ్గరికే వచ్చారు. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఉత్తర్వు వచ్చిన రోజు మాత్రం రెండు జరిగాయి.

మధ్యాహ్నం అక్కడి మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. అమరేందర్ శాలువాతో ఉన్న పాత ఫోటో. కింద 'పేద కార్మికుడు పర్వతాలుకు న్యాయం చేయించిన మన అమరేందర్ అన్నకు అభినందనలు' అని. నిమిషంలో నలభై మంది దండాలు పెట్టేశారు. పర్వతాలు ఆ గ్రూపులో మూడేళ్లుగా ఉన్నాడు, ఒక్క మాట అని ఎరగడు. మైకు గుర్తు మీద బొటనవేలు అదిమి పట్టాడు.

"అమరేందర్ సారూ, మంచిగున్నరా. ఆ దినం మీరు కుర్చీ మీద కూసున్నరు. మాట్లాడింది నేను. దారి చెప్పింది ఎస్తేరక్క. జాగా ఇచ్చింది బక్కయ్య. మీరు తెచ్చిన సంతకం కాయితం నా తాన్నే ఉన్నది. కావాలంటె గ్రూపుల పెడత."

కాసేపటికి ఫోటో మాయమైంది. దండాలు మాత్రం అట్లాగే ఉండిపోయాయి, ఎవరికి పెట్టారో తెలియకుండా.

సాయంత్రం కృష్ణమ్మ ఫోన్. రూవీ బస్టాండులో రద్దీ, హారన్లు. ఏం తిన్నవని అడిగింది. ఈసారి పర్వతాలు పప్పు అనలేదు. అంతా చెప్పాడు, మొదటి నుంచి. ఏడుస్తుందేమో అనుకున్నాడు.

"ఇన్ని దినాలు నాకు పప్పు చెప్పినవా నువ్వు?" అంది.

"ఫికర్ జేస్తవని…"

"ఇంటికి రా, నీ ఫికర్ నేను జూస్త." మళ్లీ ఆమే అడిగింది: "అయితె ఆఫీసర్ ముందట నువ్వే మాట్లాడినవా? నువ్వా? ఇంట్ల ఉప్పు కావాల్నంటె చెయ్యి సూపెట్టెటోనివి, నాలుగు నిమిషాలు మాట్లాడినవా?"

"ఔనే. ఉర్దూల."

"ఆగు. ఫోన్ పెట్టకు." దూరంగా ఆమె గొంతు, పక్కింటివాళ్లను కేకేస్తూ: "గుర్వమ్మొదినా! ఇటు రా, జల్ది రా! మీ తమ్ముడు మాట్లాడుతుండు!" ఫోన్ స్పీకరులో పెట్టిన చప్పుడు. "ఆ, ఇప్పుడు చెప్పు. మొత్తం చెప్పు. ఏది ఇడువకు."

పర్వతాలు బస్టాండు బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. హారన్లకు మించి గొంతు పెంచి, మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఎక్కాల్సిన బస్సు వచ్చింది, పోయింది. అతను చూడలేదు.